సంజు వచ్చాడు సరే, చేపాక్‌లో జడేజా నాలుగు ఓవర్లు ఎవరు వేస్తారు?

బెల్స్ రోడ్:

అందరికీ నమస్కారం. ఐపీఎల్‌లో సంజు రాజస్థాన్ నుంచి చెన్నైకి, జడేజా చెన్నై నుంచి రాజస్థాన్‌కి మారిన ట్రేడ్ అయి నెల దాటింది, 2025 డిసెంబర్ 16న అబుదాబిలో వేలం కూడా ముగిసింది. చెన్నై జట్టు మొత్తం ఇప్పుడు కళ్ళెదుట ఉంది కాబట్టి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. అడగాలనుకున్నవి రెండు. సంజు శాంసన్‌ని ఏ స్థానంలో ఆడించాలి? మన సొంత మైదానం చేపాక్‌లో పవర్‌ప్లే (మొదటి ఆరు ఓవర్లు) అయ్యాక జడేజా వేసే ఆ నాలుగు ఓవర్లు ఇక ఎవరి చేతికి ఇవ్వాలి?

మాది మూడు తరాలుగా ట్రిప్లికేన్. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పెళ్ళిపత్రికలు వేసే చిన్న ప్రెస్సు ఉంది. మ్యాచ్ రోజు సాయంత్రం ఈ రోడ్లలో బండి కదలదు, అందుకని మధ్యాహ్నానికే డెలివరీలు ముగించి షట్టర్ దించేస్తాం. వికెట్ పడిందంటే ఆ కేక టీవీలో కన్నా ముందు మా మేడ మీదికి వచ్చేస్తుంది. జడేజా అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. 2012లో వచ్చాడు, జట్టు మీద నిషేధం ఉన్న రెండేళ్ళు తీసేస్తే ఇక్కడే ఆడాడు. 2023 ఫైనల్లో మోహిత్ శర్మ వేసిన చివరి రెండు బంతుల్ని సిక్స్, ఫోర్ కొట్టి ఐదో కప్పు చేతిలో పెట్టాడు. చెన్నై తరఫున వికెట్లలో బ్రావోని కూడా దాటేశాడు. మా చిన్నమ్మాయి ఎనిమిదో నంబర్ జెర్సీ ఇప్పటికీ తీయనంటోంది. ఇంత ఇష్టం ఉన్నా, ఈ ట్రేడ్ చేసి తీరాల్సిందే అని నా నమ్మకం.

ఎందుకంటే 2025 చూశాం కదా. పద్నాలుగు మ్యాచుల్లో నాలుగే గెలిచి, ఆడిన సీజన్లన్నిటిలో మొదటిసారి పదో స్థానంలో, అట్టడుగున మిగిలాం. సొంత గడ్డ మీద ముంబైని ఓడించాక బెంగళూరు, ఢిల్లీ, కోల్‌కతా, హైదరాబాద్, పంజాబ్, వరసపెట్టి అందరూ వచ్చి గెలిచి వెళ్ళారు. బెంగళూరు 2008 తర్వాత ఇక్కడ గెలవడం అదే. ఢిల్లీ మ్యాచ్ గుర్తు చేసుకోండి. 184 కొట్టాలి. ఇరవై ఓవర్లు ఆడి 158 దగ్గర ఆగాం, పోయింది ఐదు వికెట్లే. చేతిలో బ్యాటర్లు ఉండగా బంతులు అయిపోయి ఓడిపోయిన జట్టు మనది. మొదటి ఆరు ఓవర్లలో బౌలర్‌ని భయపెట్టేవాడు లేకపోవడమే రోగం. పైన ఆడిన కాన్వే, రచిన్, త్రిపాఠి ముగ్గురినీ వదిలేశారంటే యాజమాన్యానికీ అదే అర్థమైందన్నమాట.

సంజు వయసు 31. జడేజాకి ఈ డిసెంబర్‌తో 37 నిండాయి. జడేజా గత సీజన్లో 301 పరుగులు చేసి, 10 వికెట్లు తీశాడు, అవి తక్కువేం కాదు. అయినా వచ్చే నాలుగైదేళ్ళకి ఒక భారతీయ టాపార్డర్ బ్యాటర్, పైగా కీపర్, 18 కోట్లకి దొరికాడు. ధోనీ తర్వాత గ్లవ్స్ ఎవరికి అన్న ప్రశ్నకి కూడా జవాబు దొరికినట్టే. జడేజా 18 నుంచి 14 కోట్లకి తగ్గి వెళ్ళాడు, తోడుగా శామ్ కరన్ 2.4 కోట్లకి వెళ్ళాడు. కరన్ వెళ్ళినందుకు నాకేమీ అనిపించలేదు.

నా లెక్కలో సంజు, ఆయుష్ మాత్రే ఓపెనింగ్. రుతురాజ్ మూడు. సంజుకి అంతర్జాతీయ టీ20ల్లో ఉన్న మూడు సెంచరీలూ ఓపెనర్‌గా వచ్చినవే. ఉప్పల్‌లో బంగ్లాదేశ్ మీద 47 బంతుల్లో 111 కొట్టిన రాత్రి మన తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆసియా కప్‌లో గిల్ కోసం కిందికి దింపితే ఆ ఊపు కనిపించలేదు. మళ్ళీ ప్రపంచకప్ జట్టు ప్రకటించేసరికి గిల్‌ని పక్కనపెట్టి సంజునే పైకి తెచ్చారు. దేశం జట్టుకి ఓపెనర్ అయినవాణ్ణి మనం నాలుగులో ఆడించడం తప్పు.

బ్యాటింగ్ సంగతి నాకు బెంగ లేదు. బెంగంతా బౌలింగ్. జడేజా చేపాక్‌లో వేసే బంతిని దగ్గర్నుంచి చూసినవాళ్ళకి తెలుసు, అందులో గారడీ ఏమీ ఉండదు. వేగంగా, నేలబారుగా, వికెట్ల మీదికి. ఒకటి తిరుగుతుంది, ఒకటి తిరగదు, ఏది ఏదో పిచ్‌కే తెలియాలి. కట్ చేయడానికి చోటివ్వడు. ఓవర్ ముగించి అంపైర్ దగ్గర టోపీ తీసుకునేసరికి బ్యాటర్ ఇంకా పిచ్ మీద మట్టి తట్టుకుంటూ ఉంటాడు. 2024లో కోల్‌కతా మీద 18 పరుగులకి 3 వికెట్లు, 2023 మొదటి క్వాలిఫయర్లో గుజరాత్ మీద మళ్ళీ 18కి 2. ఆ నాలుగు ఓవర్లు అలా గడిచిపోతాయి కాబట్టే మిగతా బౌలర్లని కెప్టెన్ ఇష్టమొచ్చినట్టు వాడుకోగలిగేవాడు. ఇప్పుడు వేలంలో కొన్న స్పిన్నర్లలో ఎవరు? ప్రశాంత్ వీరా? అకీల్ హోసేనా? రాహుల్ చాహరా? కారణంతో చెప్పండి.

ఆరెంజ్ పెరుంగుడి:

అన్నా, నాది వరంగల్, ఉద్యోగం ఓఎంఆర్‌లో. హైదరాబాద్ అభిమానిని, ముందే చెప్తున్నా. ఏప్రిల్ 25న చేపాక్‌లో పసుపు సముద్రంలో ఆరెంజ్ చొక్కా వేసుకుని కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నా. మేం చెన్నైని చేపాక్‌లో ఓడించడం అదే మొదటిసారి, గొంతు పోయేదాకా అరిచా. పక్కన కూర్చున్న పెద్దాయన పసుపు చొక్కాలోనే ఉండి, మ్యాచ్ అయ్యాక చేయి కలిపి వెళ్ళాడు. మీ ఊరి జనం మీద ఆ రోజు నుంచి నాకు గౌరవం పెరిగింది.

ఆ మ్యాచ్ చూశాను కాబట్టే మీ రెండో ప్రశ్న నాకు సరిగ్గా అనిపించలేదు. మిమ్మల్ని 154కి ఆలౌట్ చేసింది ఎవరు? హర్షల్ పటేల్, 28 పరుగులకి 4 వికెట్లు. స్పిన్నర్ కాదు. బ్రెవిస్ 25 బంతుల్లో 42 కొట్టి ఊపు మీద ఉంటే, కమిందు మెండిస్ గాల్లోకి ఎగిరి పట్టిన క్యాచ్, అదీ హర్షల్ బౌలింగ్‌లోనే. ఇప్పటి చేపాక్‌లో బంతి ఆగి వస్తోంది, దాన్ని బాగా వాడుకునేది వేగం తగ్గించి వేసే పేసర్. మీకు అటువంటోడు నాథన్ ఎల్లిస్ ఉన్నాడు, గత సీజన్లో దాదాపు బెంచ్‌కే పరిమితం చేశారు. పోయిన సీజన్లో మీ దగ్గర స్పిన్నర్లు నూర్, అశ్విన్, జడేజా ముగ్గురూ ఉన్నారు. నూర్ ఒక్కడే 24 వికెట్లు తీశాడు. అయినా సొంత మైదానంలో ఓడిపోయారు. మీ కోచ్ ఫ్లెమింగ్ అయితే మాకు చేపాక్‌లో సొంత మైదానం లాభమే లేదని మైకు ముందు ఒప్పుకున్నాడు. అలాంటప్పుడు ఇంకో ఎడమచేతి స్పిన్నర్ కోసం వెతకడం ఎందుకు?

ఇక సంజు. ఐపీఎల్‌లో అతని అత్యుత్తమ సీజన్ 2024, 531 పరుగులు. అవి మూడో స్థానంలో కొట్టినవి. రుతురాజ్ 2021లో ఓపెనర్‌గా 635 కొట్టి, సీజన్లో ఎక్కువ పరుగులకి ఇచ్చే ఆరెంజ్ క్యాప్ తీసుకున్నాడు, డుప్లెసిస్‌కి కేవలం రెండు పరుగులు ఎక్కువ. 2024లో కూడా 583. ఆ స్థానంలో అంతగా పాతుకుపోయిన కెప్టెన్ని కదిలించి, మూడులో అలవాటున్నవాణ్ణి ఓపెనింగ్‌కి తీసుకురావడం నాకు నచ్చలేదు. రుతురాజ్, మాత్రే ఓపెనింగ్, సంజు మూడు.

బెల్స్ రోడ్:

తమ్ముడూ, ఎల్లిస్ గురించి నువ్వు చెప్పింది వందశాతం నిజం, నా పదకొండుమందిలో అతను ఉన్నాడు. ఆ పసుపు చొక్కా పెద్దాయన లాంటివాళ్ళు మా స్టాండులో చాలామంది ఉన్నారు, మళ్ళీ రా.

సంజు 2024లో మూడులో ఆడాడు నిజమే, ముందు జైస్వాల్, బట్లర్ ఉన్నారు కదా! వాళ్ళిద్దరూ ఉండగా ఎవరైనా మూడులోనే ఆడాలి. బట్లర్ వెళ్ళిపోయాక 2025లో సంజు ఓపెనింగ్‌కే వచ్చాడు, మొదటి మ్యాచే మీ ఉప్పల్‌లో 37 బంతుల్లో 66. రుతురాజ్ మూడులో ఆడలేడా? పోయిన సీజన్ మొదట్లో ఆడాడు. ముంబై మీద 26 బంతుల్లో 53, గౌహతిలో రాజస్థాన్ మీద 63. మోచేతికి గాయమై వెళ్ళిపోయాడు గానీ లేకపోతే ఆ స్థానం అప్పుడే ఖాయమైపోయేది. రుతురాజ్‌కి స్పిన్ ఆడటంలో ఉన్న నేర్పు ఈ జట్టులో ఇంకెవరికీ లేదు, ఆ నేర్పుతో పని పడేది ఏడో ఓవర్ తర్వాతే. మాత్రేకి 18 ఏళ్ళు, బెంగళూరులో 48 బంతుల్లో 94 కొట్టాడు, వాణ్ణి ఫీల్డింగ్ లోపల ఉండగానే ఆడించాలి. బయటికి పరుచుకున్నాక ఆపి ఆడమంటే వాడి ఆట చెడిపోతుంది.

హర్షల్ తీసిన నాలుగు వికెట్ల మాట సరే. ఆ రోజు మేం కొట్టింది 154, అంత తక్కువ కాపాడాల్సి వచ్చినప్పుడు ఏ స్పిన్నరైనా చేసేదేముంది? 170, 180 కొట్టి ఇస్తే జడేజా లాంటి నాలుగు ఓవర్ల విలువ తెలుస్తుంది. అందుకే రెండు ప్రశ్నలూ ఒకేసారి అడిగాను, ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నాయి.

మైలాపూర్ స్కోర్‌బుక్:

అన్నగారూ, మీరిద్దరూ వదిలేసిన విషయం ఒకటుంది. కాగితం మీద పేర్లు రాసి చూడండి. సంజు, మాత్రే, రుతురాజ్, బ్రెవిస్, సర్ఫరాజ్, కార్తీక్ శర్మ, ధోనీ. అందరూ కుడిచేతివాళ్ళే. ఉర్విల్ పటేల్‌ని తెచ్చినా కుడిచేతే. మొదటి ఆరు స్థానాల్లో ఆడేవాళ్ళలో ఎడమచేతివాడు శివమ్ దూబే ఒక్కడు. బౌలింగ్ కోసం జడేజా లేడని బాధపడుతున్నారు, బ్యాటింగ్‌లో ఆ ఎడమచేయి లేకపోవడం ఇంకా ప్రమాదం. కుడిచేతివాళ్ళకి బంతిని బయటికి తిప్పే లెగ్ స్పిన్నర్లూ ఎడమచేతి స్పిన్నర్లూ నాలుగు ఓవర్లు హాయిగా వేసుకుపోతారు. రాజస్థాన్‌తో మ్యాచ్ ఊహించుకోండి, అవతలివైపు నుంచి జడేజానే వస్తాడు. సంజుకి, రుతురాజ్‌కి వికెట్ల మీదికి వేస్తూ ఉంటే మన దగ్గర విరుగుడు ఏముంది? గత పదేళ్ళలో ఇతర జట్లకి మనం పెట్టిన బాధ మనకే వస్తుంది.

అందుకే దూబే స్థానం ముందే రాసి పెట్టుకోకూడదు. మొదటి వికెట్ ఏడో ఓవర్ తర్వాత పడితే మూడులో దూబేనే రావాలి, స్పిన్నర్ చేతిలో బంతి ఉండగా. పవర్‌ప్లేలో పడితే రుతురాజ్. ఇది రుతురాజ్ ఒప్పుకుంటేనే జరుగుతుంది, కెప్టెన్ తానే కాబట్టి ఒప్పుకోవాలి కూడా.

వేలం మీద నాకు కోపం ఉంది, దాచుకోను. 43.4 కోట్లతో కూర్చున్నారు. ఆస్ట్రేలియా ఆల్‌రౌండర్ గ్రీన్ కోసం కోల్‌కతాతో 25 కోట్ల దాకా పోటీపడ్డారు, 25.20కి వదిలేశారు. తర్వాత చూస్తే ప్రశాంత్ వీర్‌కి 14.2, కార్తీక్ శర్మకి 14.2. ఇద్దరివీ కనీస ధర 30 లక్షలు. ఇద్దరూ ఐపీఎల్‌లో ఒక్క బంతి ఆడలేదు. ఉన్న డబ్బులో దాదాపు మూడింట రెండు వంతులు ఇద్దరు కుర్రాళ్ళకి! భారత జట్టుకి ఆడని ఆటగాళ్ళలో అంతకుముందు రికార్డు అవేశ్ ఖాన్‌ది, 10 కోట్లు. ఆ కుర్రాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదు. ఇరవై ఏళ్ళ పిల్లవాణ్ణి 14.2 కోట్ల ధర పెట్టి, జడేజా ఖాళీ చేసిన స్థానంలో, చేపాక్‌లో మొదటి మ్యాచ్ ఆడమంటే ఆ బరువు ఎంతుంటుందో ఆలోచించండి. 2022లో జడేజాకి కెప్టెన్సీ ఇస్తే అంతటివాడే ఎనిమిది మ్యాచులకి తిరిగి ఇచ్చేశాడు.

వీర్ ఎడమచేత్తో బ్యాటింగ్ చేస్తాడు, ఎడమచేతి స్పిన్ వేస్తాడు. అచ్చం ఆ ఖాళీకి సరిపోయే కొలత. తప్పకుండా ఆడాలి, మ్యాచ్ మధ్యలో ఒకరి బదులు ఇంకొకర్ని దించే ఇంపాక్ట్ ఆటగాడి నిబంధన ఉంది కాబట్టి మొదటి కొన్ని మ్యాచులు రెండు ఓవర్లు, ఏడో స్థానంలో పది బంతులు, అంతవరకే అడగాలి. నాలుగు ఓవర్లూ వేయమనొద్దు.

వేళచ్చేరి గుంటూరు:

మైలాపూర్ అక్కా, ఎడమచేతి లెక్క బ్రహ్మాండంగా చెప్పావు, నేను కూడా పేర్లు రాసుకుని చూశా.

నాకు ఇంకో బాధ ఉంది. అందరూ వదిలేసిన పేసర్ పతిరానా గురించి, జడేజా గురించి రాశారు. మా గుంటూరు కుర్రాడు షేక్ రషీద్‌ని వదిలేసినట్టు ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. 2022 అండర్-19 ప్రపంచకప్ సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో ఇంగ్లండ్ మీద 50 కొట్టిన వైస్ కెప్టెన్. 2023, 2024 రెండు సీజన్లు పసుపు జెర్సీ వేసుకుని బెంచ్ మీద కూర్చున్నాడు. 2025 ఏప్రిల్‌లో లక్నోలో మొదటి అవకాశం, 19 బంతుల్లో 27, చూడముచ్చటగా ఆడాడు. హైదరాబాద్‌తో మ్యాచులో షమీ మొదటి బంతికే అవుట్ అయ్యాడు, ఆ తర్వాత ఇంకో రెండు మ్యాచులు ఆడినా పెద్ద స్కోరు రాలేదు, అక్కడితో కథ ముగిసింది. మంచి షాట్లున్న కుర్రాడు, ఆంధ్రా తరఫున పరుగులు చేస్తే మళ్ళీ వస్తాడు. వస్తే చెన్నైకే రావాలని నా కోరిక.

ఇక బౌలింగ్. జడేజా ఓవర్లని ఒకే మనిషి చేత వేయించాలని ఎందుకు చూస్తున్నారు? అకీల్ హోసేన్ 2 కోట్లకే వచ్చాడు. వెస్టిండీస్‌కి కొత్త బంతితో వేసే స్పిన్నర్, పవర్‌ప్లేలో రెండు ఓవర్లు వేసి చేతులు దులుపుకోగలడు. పేసర్ ఖలీల్ ఒకవైపు, హోసేన్ ఒకవైపు మొదలుపెడితే, ఏడో ఓవర్ నుంచి నూర్, వీర్, ఎల్లిస్‌తో నడపొచ్చు. రాత్రి రెండో ఇన్నింగ్స్‌లో మంచు పడితే స్పిన్నర్‌కి బంతి జారుతుంది, అది మొదలయ్యేలోపు హోసేన్ పని అయిపోవాలి. చేపాక్‌లో మాత్రమే. బయట హోసేన్ బదులు పేసర్లు ఓవర్టన్ గానీ మాట్ హెన్రీ గానీ.

ఆరెంజ్ పెరుంగుడి:

అలా అయితే విదేశీ స్థానాలు నాలుగూ నిండిపోయాయి. బ్రెవిస్, నూర్, ఎల్లిస్, హోసేన్. ఓవర్టన్ లేకపోతే ఎనిమిదిలో కొట్టేవాడెవరు? ఓపెనర్ మాథ్యూ షార్ట్‌ని అసలు ఎందుకు కొన్నారో ఇప్పుడు అర్థమవుతోందా? వాడికి చోటే లేదు.

బెల్స్ రోడ్:

షార్ట్ సంగతి నిజమే, మాత్రేకో సంజుకో దెబ్బ తగిలితే తప్ప అతని అవసరం రాదు. ఓవర్టన్ లేకపోవడం వల్ల బ్యాటింగ్ ఎనిమిదో స్థానం దగ్గర ఆగిపోతుంది, ఒప్పుకుంటాను. చేపాక్‌లో ఆ మాత్రం తెగించాలి. పోయిన సీజన్లో బ్యాటింగ్ లోతు లోతు అంటూ ధోనీని తొమ్మిదో స్థానంలో దింపారు, బెంగళూరు మీద 16 బంతుల్లో 30 కొట్టి నాటౌట్‌గా నిలబడితే 50 పరుగుల తేడాతో ఓడాం. కింద ఎంత లోతు ఉంటే పైన అంత మెల్లగా ఆడారు.

గుంటూరు తమ్ముడి మాట నాకు పట్టింది. మనిషికి మనిషి వెతుకుతూ ఉండిపోయాను, ఓవర్లు పంచుకోవచ్చు. మైలాపూర్ అమ్మ చెప్పిన దూబే మాట కూడా తీసుకున్నాను. చేపాక్‌లో నా జట్టు ఇది: సంజు, మాత్రే, రుతురాజ్, దూబే, బ్రెవిస్, సర్ఫరాజ్, ధోనీ, వీర్, హోసేన్, ఎల్లిస్, నూర్. మనం ముందు బ్యాటింగ్ చేస్తే తర్వాత సర్ఫరాజ్‌ని తీసి ఖలీల్, ముందు బౌలింగ్ అయితే ఖలీల్‌తో మొదలుపెట్టి తర్వాత సర్ఫరాజ్. పేసర్ కాంబోజ్ బయటి మైదానాల్లో.

కార్తీక్ శర్మ ఏడీ అంటారు. 19 ఏళ్ళ కీపర్ బ్యాటర్, అతనికి టైముంది. సర్ఫరాజ్ వేలం రోజే దేశవాళీ ముస్తాక్ అలీ ట్రోఫీలో రాజస్థాన్ రాష్ట్ర జట్టు మీద 22 బంతుల్లో 73 కొట్టాడు, 75 లక్షలకి దొరికాడు, స్పిన్‌ని స్వీప్ చేస్తాడు. అవతల జడేజా బౌలింగ్‌కి వస్తే స్వీప్ ఆడేవాడు కావాలి మరి.

మైలాపూర్ స్కోర్‌బుక్:

జట్టు బాగుంది, ఒక్క మార్పు. కొత్త బంతికి ఖలీల్ తప్పనిసరి కాబట్టి ముందు బ్యాటింగ్ వచ్చిన రోజు ఇంపాక్ట్ ఆటగాడు ఎప్పుడూ అతనే అవుతాడు, అంటే వీర్‌ని దాచుకునే వీలు పోయింది, రెండు ఓవర్లయినా వేయాల్సిందే. అందుకే మొదటి ఇంటి మ్యాచులో అతనికి ఏడో ఓవర్ ఇవ్వకండి. నూర్ ఒక వికెట్ తీశాక, కొత్త బ్యాటర్ క్రీజులోకి వచ్చిన వెంటనే, కుడిచేతివాడైతేనే బంతి ఇవ్వండి. ఎడమచేతివాడు ఉంటే ఎల్లిస్.

బెల్స్ రోడ్:

సరేనమ్మా, రాసుకున్నా. వీర్‌కి పదో ఓవర్, కుడిచేతివాడు ఉంటేనే.